లిప్‌స్టిక్ పామ్ మొలకలు హైదరాబాదులో బతకాలంటే ఏం చేయాలి?

మియాపూర్ మిద్దెతోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. హైదరాబాదు మియాపూరులో మా ఇంటి మిద్దె మీద కొన్నేళ్ళుగా మొక్కలు పెంచుతున్నాను. తాటి, కొబ్బరి కుటుంబానికి చెందిన మొక్కలంటే నాకు ప్రత్యేకమైన మక్కువ. అరికా పామ్, బాటిల్ పామ్, జీలుగ (ఫిష్‌టెయిల్ పామ్) ఇప్పటికే కుండీలలో బాగానే ఉన్నాయి. నిరుడు వర్షాకాలంలో, ఎర్రని కాడలకు పేరుపొందిన లిప్‌స్టిక్ పామ్ మొలకలు ఆరు కొన్నాను. సీలింగ్ వ్యాక్స్ పామ్ అని కూడా పిలిచే ఈ మొక్క శాస్త్రీయ నామం సిర్టోస్టాకిస్ రెండా. దక్షిణ థాయిలాండు, మలేషియా, సుమత్రా, బోర్నియోలలోని చిత్తడి అడవులు దీని స్వస్థలమని చదివాను.

తెచ్చినప్పుడు ఒక్కొక్క మొలక జానెడు ఎత్తున, మూడు నాలుగు ఆకులతో ఉండేది. దీపావళి వరకు కొత్త ఆకులు వచ్చాయి. డిసెంబరులో ఎదుగుదల పూర్తిగా ఆగిపోయింది. ఫిబ్రవరి చివరి నుంచి ఆకుల కొనలు గోధుమ రంగుకు మారి ఎండిపోతున్నాయి. కొత్తగా విచ్చుకున్న ఆకులు పాలిపోయిన పసుపు రంగులో ఉండి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తున్నాయి. రెండు మొలకలలో మొవ్వు ఆకు పట్టుకొని మెల్లగా లాగితే ఊడి చేతికి వచ్చింది. ఆ రెండూ తరువాత చనిపోయాయి.

కుండీలో ఎర్రమట్టి, వర్మికంపోస్టు, ఇసుక సమపాళ్ళలో కలిపాను. పైన సగం ఎండను ఆపే పచ్చటి షేడ్‌నెట్ ఉంది. నీరు బోరుది, మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) వెయ్యికి దగ్గరగా చూపిస్తోంది. నీటిని వృథా చేయడం ఇష్టం లేక, ఆర్వో యంత్రం నుంచి బయటకు పోయే నీటిని కూడా బకెట్లో పట్టి మొక్కలకు పోస్తుంటాను. ఈ మొక్కను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాలని కొందరు, అలా చేస్తే వేరు కుళ్ళుతుందని కొందరు చెబుతున్నారు. దోషం చలిదా, ఎండదా, నీటిదా, మట్టిదా? మిగిలిన నాలుగింటినైనా కాపాడుకొనే మార్గం ఉందా? మరొక సందేహం: ఇంతవరకు కాడలలో ఎరుపు ఛాయ కూడా లేదు. ఇవి అసలు లిప్‌స్టిక్ పామ్ మొలకలేనా?

గోదావరి కాలువగట్టు:

మియాపూర్ గారికి నమస్కారం. కడియం ప్రాంతంలో అలంకరణ మొక్కల పెంపకమే మా వృత్తి. మీరు ఇచ్చిన వివరాలలో అన్నిటికంటే ముందు నా దృష్టి నీటి మీదికి వెళ్ళింది. అందులోనూ ఆర్వో యంత్రం వదిలే నీటిని ఈ మొక్కలకు పోయడం ఈరోజే మానేయండి. ఆ యంత్రం మంచి నీటిని ఒకవైపు తీసి, లవణాలను మిగిలిన నీటిలోకి నెడుతుంది కాబట్టి, బయటకు వచ్చేది మీ బోరు నీటికంటే ఉప్పు ఎక్కువైన నీరు. గచ్చు కడగడానికి అది పనికివస్తుంది గాని, జన్మతః ఆమ్లగుణం గల చిత్తడి నీటికి అలవాటుపడిన మొలకకు పనికిరాదు.

బోరు నీటిలో రెండు వేర్వేరు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది మొత్తం లవణం. ఆకు నుంచి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఆకు కొనలోనే మిగిలిపోతుంది. కొనలు ఎండటానికి అది ఒక కారణం. రెండవది బైకార్బనేట్లు, అంటే నీటి క్షారత. రోజూ పోసే నీటితో కుండీలోని మట్టి క్రమంగా క్షారంగా మారితే, మట్టిలో ఇనుము ఉన్నా అది కరగదు, వేరు తీసుకోలేదు. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉండటం ఇనుము అందకపోవడానికి గుర్తు. మెగ్నీషియం, పొటాషియం లోపాలైతే ముందుగా ముదురు ఆకులలో కనిపిస్తాయి. మీ దగ్గర కొత్త ఆకులే పాలిపోతున్నాయి కాబట్టి ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేసినందువల్ల ప్రయోజనం ఉండదు. ఎవరో ఒకరు ఆ సలహా తప్పక ఇస్తారు, అందుకే ముందే చెబుతున్నాను.

మా దగ్గర ఈ మొక్కకు గోదావరి కాలువ నీరు పెడతాము. అందులో ఉప్పు తక్కువ, గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ నిగనిగలాడిన మొక్క దక్కను పీఠభూమికి చేరగానే ఒకేసారి నీరు, గాలి రెండూ మారిపోతాయి.

వాన నీటిని దాచుకోండి. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అంటే పది చదరపు మీటర్ల మిద్దె మీద లెక్కకు దాదాపు 8,000 లీటర్లు పడినట్లు. మీ మొలకకు రోజుకు అర లీటరు చాలు. నవంబరు నుంచి మే చివరి దాకా ఒక్కొక్కదానికి నూరు లీటర్లకు కాస్త పైన, నాలుగింటికి 400 పైచిలుకు లీటర్లు కావాలి. మూతలున్న 200 లీటర్ల డ్రమ్ములు మూడు ఉంటే సరిపోతుంది. దోమలు చేరకుండా మూత కింద వల కట్టండి. ఈ ఏడాదికి వాన నీరు లేదు కాబట్టి, ఏసీ నుంచి కారే నీరు, ఆర్వో తాగునీరు, లేదా నల్లాలో వచ్చే మంజీరా, కృష్ణా నీరు వాడండి. ఏసీ నీటిలో పోషకాలేవీ ఉండవు కాబట్టి, దానిని వాడేవారు ఎరువును తప్పనిసరిగా పలుచగా కలిపి ఇవ్వాలి.

మట్టి విషయం క్లుప్తంగా చెబుతాను. ఎర్రమట్టి కుండీలో గట్టిపడి గాలి ఆడనివ్వదు. బాగా కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరి పొట్టు మూడు పాళ్ళు, పెర్లైట్ (గాలి ఆడేందుకు కలిపే తేలికపాటి తెల్లని గుల్ల పలుకులు) ఒక పాలు, మాగిన ఆకు ఎరువు ఒక పాలు తీసుకోండి. కాల్చిన ఊక దొరికితే కొంత కలపవచ్చు. దానికి క్షారగుణం ఉంటుంది కాబట్టి దానినీ కడిగే వాడాలి.

విశాఖ వృక్షశాస్త్రం:

నేను కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. కాలువగట్టు గారు నీటి గురించి చెప్పినది సరైనదే. అయితే మొలకలు చనిపోవడానికి నీరే మూలమనే నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ప్రశ్నలోని కాలక్రమాన్ని మరొకసారి చూడండి. ఎదుగుదల డిసెంబరులో ఆగింది, కొనలు ఎండటం ఫిబ్రవరిలో మొదలైంది. బోరు నీరు వర్షాకాలం తరువాత అన్ని నెలలూ ఒకేలా ఉంది, మారినది ఉష్ణోగ్రత.

ఈ మొక్క స్వస్థలంలో రాత్రి ఉష్ణోగ్రత 22 డిగ్రీలకంటే తగ్గడం అరుదు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి, కొన్ని రాత్రులలో 10 డిగ్రీల వరకు కూడా వెళతాయి. మిద్దె మీది చిన్న కుండీలో మట్టికి నేల రక్షణ ఉండదు కాబట్టి వేరు కూడా గాలితోపాటే చల్లబడుతుంది. చల్లబడిన వేరు నీటిని పీల్చదు. మనం మాత్రం అలవాటు కొద్దీ నీరు పోస్తూనే ఉంటాము. తడిసి, చల్లగా, గాలి ఆడకుండా ఉన్న ఎర్రమట్టిలో శిలీంధ్రాలు వేరును, మొవ్వును పట్టుకుంటాయి. మొవ్వు ఊడి రావడం మొవ్వు కుళ్ళు లక్షణం. తాటి జాతి మొక్కలలో ప్రతి కాండానికీ ఎదిగే చోటు ఒక్కటే. లిప్‌స్టిక్ పామ్ పెద్దయ్యాక పిలకలు వేస్తుంది గాని, జానెడు మొలకకు ఆ అవకాశం ఇంకా రాలేదు కాబట్టి మొవ్వు పోతే మొక్క పోయినట్లే.

శీతాకాలంలో సగం వేళ్ళు పోగొట్టుకున్న మొలక ఫిబ్రవరి గాలిని ఎదుర్కొంటుంది. ఇక్కడ ఒక లెక్క చెబుతాను. సింగపూరులో మధ్యాహ్నం 31 డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం తేమ ఉన్నప్పుడు గాలి ఆకు నుంచి ఎంత బలంగా నీటిని లాగుతుందో, హైదరాబాదు ఏప్రిల్‌లో 40 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 శాతం తేమ ఉన్నప్పుడు దానికి ఐదు రెట్లు బలంగా లాగుతుంది. కుండీ నిండా నీరున్నా దెబ్బతిన్న వేరు ఆ వేగానికి అందించలేదు. అందువల్ల మీరు ఇప్పుడు ఎండ దెబ్బ అనుకుంటున్న దానిలో పెద్ద భాగం చలికాలంలోనే జరిగిపోయింది. వచ్చే నవంబరు నుంచి మొలకలను రాత్రిపూట ఇంటి లోపలకు చేర్చండి. కుండీ పైమట్టి అంగుళం లోతు ఆరిన తరువాతనే, అదీ ఉదయం పూటే, గోరువెచ్చని నీరు పోయండి. సాయంత్రం నీరు పోస్తే రాత్రి చలిలో వేరు తడిగా ఉంటుంది.

మొవ్వు కుళ్ళు సోకిన మొక్క మట్టిని మళ్ళీ వాడకండి. మిగిలిన నాలుగింటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొవ్వు, మొదలు తడిసేలా ఒకసారి పోయండి. పదేపదే పోస్తే రాగి మట్టిలో పేరుకుపోయి ఇనుము లోపాన్ని ఇంకా పెంచుతుంది.

ఎరువు గురించి కూడా ఒక మాట. మొలకెత్తిన కొబ్బరికాయను పగలగొడితే లోపల కనిపించే పువ్వు, తాటి టెంకలో మనం తినే బుర్రగుంజు, రెండూ ఒకే అవయవం. గింజలో నిలవ ఉన్న ఆహారాన్ని పీల్చి మొలకకు అందించడం దాని పని. కొబ్బరి, తాటి గింజలు పెద్దవి కాబట్టి మొలకకు నెలల తరబడి అదే ఆధారం. లిప్‌స్టిక్ పామ్ గింజ బఠాణీ అంత చిన్నది. మూడు ఆకులు వచ్చేసరికి ఆ నిలవ అయిపోతుంది. కనుక మీ మొలకలకు ఇప్పుడు ఎరువు అవసరమే, కాని చాలా పలుచగా, వెచ్చని నెలలలో మాత్రమే.

తాటితో పోల్చి లోతైన కుండీ వాడమనే వారున్నారు. తాటి గింజ తన పిండాన్ని నేలలోకి దూరంగా పంపి అక్కడ మొలకెత్తుతుంది, మనం తవ్వి తినే తేగ ఆ క్రమంలో ఏర్పడినదే. లిప్‌స్టిక్ పామ్ అలా కాదు, పోక వలె గింజ పక్కనే మొలకెత్తుతుంది. దీనికి లోతైన కుండీ వలన లాభం లేదు. అడుగున ఆరని తడి మాత్రం మిగులుతుంది.

పేరాక్ తెలుగు:

మలేషియాలోని పేరాక్ రాష్ట్రం, బాగాన్ దాతుక్ నుంచి రాస్తున్నాను. మా పూర్వికులు కొబ్బరి తోటలలో పనికి ఇక్కడికి వచ్చిన తెలుగువారు. మీరు అడిగే మొక్కను ఇక్కడివారు పినాంగ్ రాజా అంటారు. బడుల ముందు, గుడుల ముందు, రహదారుల మధ్యన విరివిగా నాటుతారు. సింగపూరు బొటానిక్ గార్డెన్స్ చిహ్నంలో ఉన్నది కూడా ఇదే. ఊళ్ళలో ఇంత సమృద్ధిగా కనిపిస్తున్నా అడవిలో మాత్రం తగ్గిపోతోంది, ఎందుకంటే దాని చిత్తడి నేలల్లో నీటిని తోడేసి ఆయిల్ పామ్ తోటలు వేశారు.

నీళ్ళ పళ్ళెం సందేహానికి సమాధానం ఆ అడవిలోనే ఉంది. అక్కడ నీరు టీ డికాషన్ రంగులో, ముదురు గోధుమగా ఉంటుంది. కుళ్ళిన ఆకులు, వేళ్ళు పొరలు పొరలుగా పేరుకున్న నేల అది. పీహెచ్ సుమారు 3 నుంచి 4.5 వరకు ఉంటుంది. ఆ నీరు నీడలో ఉంటుంది, మెల్లగా కదులుతూ ఉంటుంది, వాన పడినప్పుడల్లా మారుతుంది. ఎదిగిన మొక్క అటువంటి నీటిలో నిలబడగలదు. హైదరాబాదు మిద్దె మీద ప్లాస్టిక్ పళ్ళెంలో నిలిచే నీరు మధ్యాహ్నానికి వేడెక్కి, సాయంత్రానికి ఆవిరై, ఉప్పును మిగులుస్తుంది. రెండూ నిలవ నీరే అయినా రెండింటికీ పోలిక లేదు. శుభ్రమైన వాన నీరు ఉండి, నీడ ఉండి, వెచ్చని కాలమైతే పళ్ళెంలో ఒక అంగుళం నీరు పెట్టి, రెండు మూడు రోజులకు పారబోసి మార్చండి. మీ బాటిల్ పామ్‌లకో, అరికాలకో ఇదే పద్ధతి వర్తింపజేయకండి.

నీడ విషయంలోనూ వయసును బట్టి తేడా ఉంది. అడవిలో మొలకలు పెద్ద చెట్ల నీడలో పెరుగుతాయి. కాండం ఎదిగి పైకి వచ్చిన తరువాతనే పూర్తి ఎండకు వస్తాయి. ఇక్కడి రహదారుల పక్కన ఎండలో మెరిసే ఎర్రని మొక్కలను చూసి జానెడు మొలకను ఎండలో పెట్టకూడదు. పైగా మా ఎండ తడి గాలిలోని ఎండ.

ఎరుపు కనిపించలేదని దిగులు పడకండి. చిన్న మొలకలు పచ్చగానే ఉంటాయి. మొక్క ఎదిగి ఆకు తొడిమలు గట్టిపడిన కొద్దీ రంగు వస్తుంది, దానికి కొన్నేళ్ళు పడుతుంది. అయితే పచ్చగా ఉన్నంత మాత్రాన ఇది లిప్‌స్టిక్ పామ్ అని కూడా నిర్ధారించలేము. అరికా పామ్ మొలక తొలి ఆకు కూడా రెండుగా చీలి ఇలాగే ఉంటుంది. ఆ చిన్న వయసులో ఆకు చూసి తేడా చెప్పగలనని ఎవరైనా అంటే నేను నమ్మను.

మన బంధువులు కొందరు ఇక్కడికి వచ్చినప్పుడు గింజలు సంచిలో వేసుకొని వెళతామంటారు. దిగుమతి అనుమతి, తెగుళ్ళు, పురుగులు లేవని ఇక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం లేకుండా గింజలను భారతదేశానికి తీసుకువెళ్ళడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వుకు విరుద్ధం. అంతేకాక ఈ గింజలు ఎండితే చచ్చిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. నెలల తరబడి పొట్లంలో ఉన్న గింజను ఎంత ధర పెట్టి కొన్నా మొలకెత్తదు.

డల్లాస్ కిటికీ:

నేను టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఇదే మొక్కను ఇంటి లోపల పెంచుతున్నాను. విశాఖ గారు వేరు చలి గురించి చెప్పినది నా అనుభవానికి సరిపోతుంది. ఇక్కడ శీతాకాలంలో గది గాలి 20 డిగ్రీలు దాటి ఉన్నా, కిటికీ పక్కన రాతి పలక మీద ఉన్న కుండీలో మట్టి అంతకంటే చాలా చల్లగా ఉండేది. మొలకల కోసం అమ్మే విద్యుత్ వెచ్చని చాపను కింద వేసి, మట్టిని 26 డిగ్రీల దగ్గర ఉంచిన తరువాత ఆ కాలంలో కూడా కొత్త ఆకు వచ్చింది. హైదరాబాదులో అంత ఏర్పాటు అవసరం ఉండకపోవచ్చు. కుండీని గచ్చు మీద కాకుండా చెక్క మీదనో థర్మోకోల్ పలక మీదనో పెట్టినా తేడా తెలుస్తుంది.

మియాపూర్ మిద్దెతోట:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆర్వో యంత్రం వదిలే నీటిని పోయడం ఆపేశాను. ఇప్పుడు ఏప్రిల్ మొదలైంది కాబట్టి కొన్ని విషయాలు స్పష్టం చేసుకోవాలి. మట్టిని ఇప్పుడే మార్చాలా, లేక వర్షాల దాకా ఆగాలా? బోరు నీటిలో నిమ్మ ఉప్పు కలిపి వాడితే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు, అది నిజమేనా? హాల్లో ఎయిర్ కూలర్ ఉంది. మొలకలను దాని దగ్గర పెట్టవచ్చా?

విశాఖ వృక్షశాస్త్రం:

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, క్షారతను తగ్గించే మాట నిజం. ప్రతి 50 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) క్షారతకు లీటరుకు సుమారు 70 మిల్లీగ్రాములు పడుతుంది. మీ నీటిలో క్షారత 300 ఉందనుకుంటే, అందులో అధిక భాగాన్ని పోగొట్టడానికి లీటరుకు గ్రాములో మూడో వంతు కావాలి. ముందుగా నీటి పరీక్ష చేయించి క్షారత ఎంతో తెలుసుకోండి. టీడీఎస్ మీటరు ఆ సంగతి చెప్పదు. అయితే ఆమ్లం కలపడం వలన బైకార్బనేటు మాత్రమే తగ్గుతుంది. సోడియం, క్లోరైడు అలాగే ఉంటాయి, కాబట్టి వెయ్యి టీడీఎస్ నీరు నిమ్మ ఉప్పుతో మంచి నీరైపోదు. సగం ఆర్వో తాగునీరు, సగం బోరు నీరు కలిపి, ఆ మిశ్రమానికి తగినంత ఆమ్లం చేర్చడం నాకు ఆచరణీయంగా తోస్తుంది.

గోదావరి కాలువగట్టు:

మట్టిని ఇప్పుడు మార్చకండి. ఏప్రిల్‌లో వేరు కదిలిస్తే ఆ గాలికి మొలక తట్టుకోదు. ప్రస్తుతానికి కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్లు మంచి నీటిని మెల్లగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. ఉప్పు చాలావరకు దానితో పోతుంది. కాపర్ మందు పోయదలచుకుంటే ఈ కడగడం ముగిసి రెండు రోజులైన తరువాత పోయండి. ఇనుము కోసం ఇడిడిహెచ్ఏ రూపంలో ఉన్న చిలేటెడ్ ఐరన్, అంటే మట్టిలో కరిగి ఉండేలా మరొక పదార్థంతో కట్టిన ఇనుము, అడగండి. దుకాణాలలో ఎక్కువగా దొరికేది ఇడిటిఏ రూపం. క్షార మట్టిలో అది నిలవదు. మట్టి మార్చడం జూలైలో, రెండు మూడు మంచి వానలు పడి గాలి చల్లబడిన తరువాత పెట్టుకోండి.

కుండీలను మిద్దె మీద నుంచి కిందికి దించి, తూర్పు వరండాలో ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట గుంపుగా ఉంచండి. మిద్దె మీదనే ఉంచక తప్పకపోతే 75 శాతం నీడనిచ్చే వల కట్టి, పడమటి వైపు తడి గోనె పట్టాలు వేలాడదీయండి. నల్ల ప్లాస్టిక్ కుండీని ఇంకాస్త పెద్ద మట్టి కుండీలో పెట్టి, మధ్య ఖాళీలో తడి కొబ్బరి పొట్టు నింపితే వేరు వేడెక్కదు. కూలర్ ఉన్న గది మంచిదే, అక్కడి గాలిలో తేమ ఉంటుంది. కాని కూలర్ గాలి నేరుగా ఆకుల మీదికి కొట్టకూడదు, కిటికీ వెలుతురు తప్పనిసరిగా ఉండాలి.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. వర్షాకాలంలో కొత్త మొక్కలు కొనేటప్పుడు ఆకుల అడుగు భాగం చూడండి. తెల్లని మైనపు పొడితో చుట్లు చుట్లుగా గుడ్లు కనిపిస్తే అది రుగోస్ తెల్లదోమ. 2016లో పొల్లాచ్చి దగ్గర దేశంలో తొలిసారి కనిపించి, కొబ్బరితోపాటు అలంకరణ పామ్‌లకూ వ్యాపించింది. దానికి రసాయనాలు కొడితే తెల్లదోమను చంపి మేలు చేసే ఎన్‌కార్సియా పరాన్నజీవి కూడా చస్తుంది. నాలుగైదు కుండీలే కాబట్టి ఆకుల అడుగున నీటిని బలంగా చిమ్మి కడగడం, ఆ తరువాత అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం సిఫారసు చేసే, తెల్లదోమను చంపే ఐసేరియా శిలీంధ్రాన్ని లీటరుకు 5 గ్రాముల చొప్పున సాయంత్రం పిచికారీ చేయడం సరిపోతుంది. కొత్త మొక్కను మూడు వారాలు వేరుగా ఉంచిన తరువాతే ఈ నాలుగింటి దగ్గరికి చేర్చండి.